‘ఎకో ఫ్రెండ్లీ’ బోర్డు వెనక ఫైలు ఉందా?

తిరుపతి గాంధీ రోడ్డులో చీర కొన్నా, ఇత్తడి దీపం కొన్నా ఇప్పుడు చాలా దుకాణాల్లో పల్చటి పాలిథిన్ కవర్ ఇవ్వడం లేదు. చేతికి గుడ్డలా మెత్తగా తగిలే రంగు సంచి ఇస్తున్నారు. దాని మీద ఓ ఆకు బొమ్మ, కింద ‘ఎకో ఫ్రెండ్లీ బ్యాగ్’ అన్న అక్షరాలు. ఆ సంచి అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి అగ్గిపుల్ల చూపిస్తే అసలు సంగతి బయటపడుతుంది. నూలు గుడ్డ అయితే కాగితం కాలిన వాసన వేసి బూడిద రాలుతుంది. ఇది ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. అది పాలీప్రొపిలీన్. నేసిన గుడ్డ కాదు, ప్లాస్టిక్ పోగుల్ని వేడితో అతికించి చేసిన పొర. కేంద్ర ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు దీన్ని ప్లాస్టిక్ సంచిగానే చూస్తాయి. చదరపు మీటరుకు 60 గ్రాముల కన్నా పల్చగా ఉంటే 2021 సెప్టెంబరు 30 నుంచి అసలు వాడనే కూడదు.

ఈ సంచి ఇస్తున్న దుకాణదారు ఎవరినీ మోసం చేద్దామనుకోలేదు. ప్లాస్టిక్ మానేద్దామనే అనుకున్నాడు, హోల్‌సేల్ వాడు చెప్పింది నమ్మాడు, సంచికి రెండు రూపాయలు ఎక్కువ కూడా పెట్టాడు. రేపు ఎవరో ఆ అగ్గిపుల్ల పరీక్షను ఫోన్‌లో రీల్ తీసి పెడితే మాత్రం ఊరంతా చూసేది అతని షాపు పేరే. పర్యావరణం పేరు చెప్పి లేని గొప్ప చూపించడాన్ని గ్రీన్‌వాషింగ్ అంటారు. ఆ నింద పడేది కావాలని అబద్ధం ఆడేవాళ్ల మీదే అనుకుంటే పొరపాటు. అసలు ఏ పచ్చదనమూ మాట్లాడని షాపు వైపు ఎవరూ చూడరు. కొంత మంచి పని చేసి, దాన్ని చేసినదాని కన్నా పెద్దగా చెప్పుకున్నవాడే దొరికిపోతాడు. కాబట్టి నింద వచ్చాక ఏం చేయాలన్నది రెండో ప్రశ్న. బోర్డు రాయించిన రోజే, లేబుల్ ప్రింటుకు ఇచ్చిన రోజే సగం సంగతి తేలిపోతుంది.

చట్టం ఏం చూస్తుందో ముందు చెప్పుకోవాలి. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, 2024 అక్టోబరు 15న గ్రీన్‌వాషింగ్ మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. ‘గ్రీన్’, ‘ఎకో ఫ్రెండ్లీ’, ‘నేచురల్’, ‘ఆర్గానిక్’, ‘ప్యూర్’, ‘సస్టెయినబుల్’, ‘కార్బన్ న్యూట్రల్’ లాంటి మాటల్ని ఊరికే వాడకూడదు. వాడితే ఏ అర్థంలో వాడుతున్నారో పక్కనే చెప్పాలి, ఆధారం ఉండాలి, ఆ ఆధారం కొనేవాడికి అందేలా ఉండాలి. క్యూఆర్ కోడ్‌తోనో వెబ్ లింకుతోనో చూపించినా సరే. ఆ గొప్ప సరుకు మొత్తానికి చెందిందా, అందులో ఒక భాగానికా, ప్యాకింగ్‌కా, తయారీ పద్ధతికా అన్నది విడమరచి చెప్పాలి. మంచి అంకెలు మాత్రమే ఏరి చూపించడం కుదరదు. ‘2030 నాటికి ఇలా చేస్తాం’ అనాలన్నా దానికి పక్కా ప్రణాళిక ఉండాలి.

ఇందులో చిన్న వ్యాపారికి ఊపిరి ఆడే సందు కూడా ఉంది. బోర్డు ఆకుపచ్చ రంగులో ఉన్నంత మాత్రాన, చెట్టు బొమ్మ వేసినంత మాత్రాన తప్పు కాదు, అది జనాన్ని పక్కదారి పట్టించనంత వరకు. ‘పర్యావరణ విలువలతో ఎదుగుతాం’ అని సంస్థ తన ఆశయం రాసుకున్నా తప్పు లేదు. ‘మా సరుకులన్నీ పర్యావరణానికి హాని లేకుండా తయారైనవే’ అంటే మాత్రం అది సరుకు గురించిన మాట అవుతుంది, లెక్క చెప్పాల్సి వస్తుంది.

‘మేము టీవీలో యాడ్ ఇవ్వలేదు కదా’ అనేవాళ్లు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ప్రకటన అంటే ఏమిటో ఒకసారి చదువుకోవాలి. లేబుల్, రేపర్, ఇన్‌వాయిస్, నోటీసు, వెబ్‌సైట్ అన్నీ ప్రకటనలే. పొగతో, గ్యాసుతో చేసే ప్రచారం కూడా అందులో ఉంది. అది ఎవరు చేస్తారో గానీ, చట్టం రాసినవాళ్లు దేన్నీ వదిలిపెట్టలేదని అర్థం. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేసే అధికారం సీసీపీఏకి ఉంది. ఫిర్యాదు ఢిల్లీ దాకా వెళ్లాల్సిన పని కూడా లేదు. జిల్లా కలెక్టర్‌కే రాయవచ్చు. కలెక్టర్ విచారించి నివేదిక పంపవచ్చు. తిరుపతిలోనో చిత్తూరులోనో కలెక్టరేట్‌కు ఒక ఉత్తరం, దానికి ఓ లేబుల్ ఫొటో జత చేస్తే చాలు, కథ మొదలవుతుంది.

ఇక మాటను ఆధారానికి సరిపడా కత్తిరించడం అంటే ఏమిటో చూడాలంటే శ్రీకాళహస్తి కలంకారి కన్నా మంచి ఉదాహరణ దొరకదు. గుడ్డను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. పాలలో ఉండే కొవ్వు వల్ల కలం నుంచి దిగే రంగు చెదరకుండా నిలుస్తుంది. ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెడితే కసిమి తయారవుతుంది. అది కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే నల్లబడుతుంది. పటిక రాసిన చోట ఎరుపు పట్టేలా మంజిష్ఠ లాంటి వేర్లు, చెక్కలతో ఉడకబెడతారు. పసుపుకు కరక్కాయ, దానిమ్మ తొక్క లాంటివి. నీలానికి నీలిమందు. మధ్య మధ్యలో పారే నీళ్లలో ఉతకడం.

ఇంత శ్రమ ఉన్న పనికి అమ్మేటప్పుడు తగిలించే మాట ఏమిటంటే, ‘100% హెర్బల్, కెమికల్ ఫ్రీ’. ఇక్కడే చిక్కు. పటిక చెట్టుకు కాయదు, అది ఖనిజ లవణం. కసిమిలో ఉన్నది ఇనుము. రెండూ తరతరాలుగా వాడుతున్నవే, వాటిలో దాచుకోవాల్సిందేమీ లేదు. కానీ ‘కెమికల్ ఫ్రీ’ అన్న ముక్క వల్ల పదో తరగతి సైన్సు చదివిన ఎవడైనా ఆ చీరను అబద్ధం అనగలడు. అదే చీరకు ‘నలుపు: ఇనుము, బెల్లంతో చేసిన కసిమి. ఎరుపు: పటిక, మంజిష్ఠ. పసుపు: దానిమ్మ తొక్క. నీలం: బజారులో కొన్న నీలిమందు’ అని చిన్న కార్డు కడితే ఎవరూ నోరు ఎత్తలేరు. పైగా కొనేవాడికి ఇదే ఎక్కువ నచ్చుతుంది. ‘హెర్బల్’ అన్న మాట తలనూనె డబ్బా మీద కూడా ఉంటుంది. ‘కసిమి’ అన్న మాట మరెక్కడా దొరకదు.

కలంకారి విషయంలో ఇంకో రకం నింద ఉంది, అది మరీ ఘాటైనది. స్క్రీన్ ప్రింట్ వేసిన, రసాయన రంగుల చీరలు అదే ర్యాకులో, అదే పేరుతో పక్కపక్కనే వేలాడుతుంటాయి. శ్రీకాళహస్తి కలంకారికి భౌగోళిక గుర్తింపు ఉంది గనుక అంతా సహజమే అని అమ్మేవాళ్లు వాదిస్తారు. ఆ గుర్తింపు చెప్పేది ఏ ఊరు, ఏ పద్ధతి అన్న సంగతి. నీళ్ల కాలుష్యం గురించి, పర్యావరణం గురించి అది హామీ ఇవ్వదు. ఒక సర్టిఫికెట్ చెప్పని మాటను దాని నోట్లో పెట్టడం గ్రీన్‌వాషింగ్‌లో అన్నిటికన్నా మామూలుగా కనిపించే తప్పు. చేత్తో గీసినవి ఒక ర్యాకులో, ప్రింటు వేసినవి ఇంకో ర్యాకులో పెట్టి బిల్లు మీద కూడా అలాగే వేరుగా రాయడం ఖర్చులేని జాగ్రత్త.

బట్టల వ్యాపారంలో ఇది ఎంత దూరం వెళ్తుందో అమెరికాలో చూశాం. రేయాన్‌తో చేసిన బట్టల్ని ‘వెదురు’ బట్టలని, పర్యావరణానికి మంచివని అమ్మినందుకు 2022లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వాల్‌మార్ట్, కోల్స్ సంస్థల మీద కేసు వేసింది. రెండూ కలిసి 55 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ముడిసరుకు వెదురే కావచ్చు. దాన్ని దారంగా మార్చడానికి వాడే రసాయనాలు కడిగిన నీళ్లలో కలుస్తాయి. మొదట్లో చెట్టు ఉంది కదా అని చివర్లో తయారైన బట్టను పచ్చగా చూపించకూడదన్నది అక్కడి వాదన.

చిత్తూరు వైపు వస్తే మామిడి, బెల్లం. ‘ఆర్గానిక్ మామిడి’ అని ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకునే తోటలు ఏటా పెరుగుతున్నాయి. జాతీయ సేంద్రియ ప్రమాణాల ప్రకారం మామిడి లాంటి బహువార్షిక పంటకు మార్పిడి కాలం సాధారణంగా మూడేళ్లు. మందులు మానేసిన మొదటి ఏడాది కాయ ఆర్గానిక్ కాదు, అది మార్పిడిలో ఉన్న తోట కాయ. ఆ సంగతి అలాగే రాస్తే గౌరవం పోదు. ‘మందులు మానేసి ఇది రెండో ఏడాది, ఇంకా సర్టిఫికెట్ రాలేదు’ అన్న తోట మీద ఎవరూ వేలెత్తి చూపలేరు. మొదటి ఏడాదే ‘సర్టిఫైడ్’ అన్నట్టు లోగో అతికించుకున్న తోట మీద పక్క తోటవాడే ఫిర్యాదు పెడతాడు.

చిన్న రైతుకు వెసులుబాటు ఉంది. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు అమ్మకాలున్న రైతు నేరుగా తినేవాడికే అమ్ముకుంటే సర్టిఫికెట్ లేకపోయినా ఆహార భద్రతా సంస్థ నిబంధనలు అడ్డుపడవు. సర్టిఫికెట్ ఉన్న సేంద్రియ ఆహారానికి వేసే జైవిక్ భారత్ గుర్తు మాత్రం వేసుకోకూడదు. ఈ వెసులుబాటు తోట గేటు దగ్గర, సంతలో పనిచేస్తుంది. అదే కాయ బెంగళూరులో ఓ ఆర్గానిక్ స్టోర్ ర్యాకులోకి వెళ్లిందంటే ఆ రక్షణ ఉండదు. చాలామంది సరిగ్గా ఈ మలుపులోనే జారిపడతారు. వ్యాపారం పెరిగినందుకు సంతోషిస్తారు గానీ, మాట పాతదే మిగిలిపోతుంది. ప్రకృతి వ్యవసాయం, సేంద్రియ వ్యవసాయం ఒకటే అనుకోవడం ఇంకో పొరపాటు. 2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఉన్న రైతు ఆ మాటే చెప్పుకోవాలి. ఆర్గానిక్ అనాలంటే ఆ దారి వేరు, ఆ కాగితాలు వేరు.

బెల్లం సంగతి తమాషాగా ఉంటుంది. జనానికి పసుపుపచ్చగా మెరిసే బెల్లం కావాలి. ఆ మెరుపు కోసం పాకంలో హైడ్రోస్ అనే, రంగు తేల్చే గంధకపు రసాయనం వేస్తారని మండీలో అందరికీ తెలుసు. బెండ జిగురుతో మడ్డి తీసి, ఏమీ కలపకుండా వండిన బెల్లం ముదురు రంగులో, ఒక్కోసారి నల్లగా వస్తుంది. ‘నేచురల్’ అని రాసి లోపల బంగారు రంగు అచ్చు పెడితే, లేబుల్ ఒకటి చెబుతుంది, సరుకు ఇంకోటి చెబుతుంది. నిజంగా ఏమీ కలపనివాళ్లు గంధకం అవశేషాలకు ల్యాబ్ పరీక్ష చేయించి, రిపోర్టు తేదీని, బ్యాచ్ నంబరునూ కలిపి దాచుకోవాలి. ఒకసారి చేయించిన రిపోర్టును మూడేళ్లు చూపించడం కుదరదు. ఏ బ్యాచ్‌కు ఆ రిపోర్టు అన్నదే అడిగేవాడు అడిగే మొదటి ప్రశ్న.

తిరుమల చుట్టూ ప్లాస్టిక్ నిషేధం వల్ల పుట్టిన వ్యాపారం ఇంకా సున్నితమైంది. 2022 జూన్ నుంచి కొండ మీద ప్లాస్టిక్‌ను పూర్తిగా ఆపేశారు. అంతకుముందే, 2021 ఆగస్టులో, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో మొక్కజొన్న పిండితో తయారుచేసిన లడ్డూ సంచుల కౌంటర్ తిరుమలలో తెరిచింది. ఆ తర్వాత ‘కొండ మీద వాడే రకం’ అంటూ కింద దొరికే సంచులకు, కప్పులకు లెక్క లేదు. మట్టిలో కలిసిపోతుంది అన్న మాటకు షరతులుంటాయి. కంపోస్ట్ అయ్యే ప్లాస్టిక్‌కు ఐఎస్ 17088 ప్రమాణం ఉంది, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సర్టిఫికెట్ ఉండాలి. ఆ ప్రమాణం చెప్పేది తగినంత వేడి, తేమ, సూక్ష్మజీవులు ఉన్న కంపోస్ట్ యూనిట్లో ఇన్ని రోజుల్లో విరిగిపోతుందని. అలిపిరి మెట్ల పక్కన ఎండలో పడి ఉన్న సంచి గురించి అది ఏమీ చెప్పదు. 2024 మార్చిలో సవరించిన నిబంధనల ప్రకారం కూడా, కంపోస్ట్ అయ్యే రకమైతే పారిశ్రామిక కంపోస్టింగ్‌లోనే అని, ‘బయోడిగ్రేడబుల్’ రకమైతే ఎన్ని రోజుల్లో, ఏ పరిస్థితుల్లో అన్నది లేబుల్ మీద ఉండాలి. కాబట్టి ‘90 రోజుల్లో మట్టిలో కలిసిపోతుంది’ అన్న వాక్యం అమ్మే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ మట్టిలో? వాడి పారేసిన సంచి తూకివాకం చెత్త కేంద్రానికి తడి చెత్తతో వెళ్తుందా, పొడి చెత్తతోనా?

పేపర్ కప్పు దగ్గర కూడా ఇదే తంతు. టీ కారకుండా లోపల పల్చటి పాలిథిలీన్ పూత ఉంటుంది. అలాంటి కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి ద్రవం 15 నిమిషాలు ఉంటే 25,000 మైక్రోప్లాస్టిక్ కణాల దాకా అందులోకి దిగుతాయని 2020లో ఐఐటీ ఖరగ్‌పూర్ పరిశోధకులు చూపించారు. ‘ప్లాస్టిక్ లేని కప్పు’ అని బోర్డు పెట్టిన టీ కొట్టుకు ఆ పూత సంగతి తెలిసే అవకాశమే లేదు. నింద మాత్రం టీ కొట్టుకే.

సప్లయర్ దగ్గర నోటి మాట తీసుకుని కొనేవాడి దగ్గర అచ్చులో మాట ఇవ్వడమే ఇక్కడ అసలు జబ్బు. వక్క చెట్టు మట్టలతో ప్లేట్లు వత్తే చిన్న యూనిట్‌ను తీసుకుంటే, మట్టలు ఎక్కడ కొన్నదీ తెలిపే బిల్లులు, కడగడానికి ఏం వాడతారు, బూజు పట్టకుండా ఏమైనా పూస్తారా లేదా అన్న రాతపూర్వక హామీ, కరెంటు బిల్లు, తయారైన ప్లేటుకు ఆహారం తగిలే వస్తువుగా చేయించిన పరీక్ష ఒక ఫైల్లో ఉండాలి. ఆ చివరిది అతిగా అనిపించవచ్చు. కానీ 2025 మేలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఈ ప్లేట్ల గురించే హెచ్చరిక జారీ చేసింది. ప్లాస్టిక్ ఉందని కాదు, రసాయనం పూశారని కాదు. వక్కలో సహజంగా ఉండే, ఆల్కలాయిడ్లు అనే హాని చేయగల పదార్థాలు తిండిలోకి దిగవచ్చునని. ‘నూటికి నూరు పాళ్లు సహజం’ అన్నది అక్కడ అక్షరాలా నిజమే, అయినా ఆ నిజం కాపాడలేదు. పర్యావరణం గురించి సిద్ధపడినవాడికి ఆరోగ్యం వైపు నుంచి దెబ్బ తగిలింది.

మాటను ఎంత వరకు చెప్పి ఆపాలో తెలిసిన ఉదాహరణ కూడా ఊళ్లోనే ఉంది. 2021 సెప్టెంబరులో టీటీడీ, ఆలయాల్లో వాడిన పూలతో అగరుబత్తీలు తెచ్చింది. వాడిన పూలతో చేసినవి అన్నది ఇరుకైన మాట, ఎవరైనా వచ్చి చూసుకోగలిగిన మాట. పొగ ఊపిరికి మంచిదనో, గాలిని శుద్ధి చేస్తుందనో దానికి తోకలు తగిలించాల్సిన పని లేదు. దాన్ని చూసి అగరుబత్తీలు మొదలుపెట్టిన కొందరు తగిలించే తోకలే ప్రమాదం.

లాడ్జిలకు, హోటళ్లకు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. గ్రీన్‌వాషింగ్ అన్న విమర్శ మొదట పుట్టిందే హోటల్ గదిలో. 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ పర్యావరణవేత్త, తువ్వాళ్లు మళ్లీ వాడి భూమిని కాపాడండి అని హోటళ్లు పెట్టే కార్డుల మీద రాశాడు. మిగతా ఏ విషయంలోనూ భూమిని పట్టించుకోకుండా లాండ్రీ ఖర్చు మిగుల్చుకోవడానికే ఆ కార్డు అని అతని ఆరోపణ. తిరుపతి లాడ్జిల్లో ఆ కార్డు ఇప్పటికీ కనిపిస్తుంది. గదికి రెండు చిన్న ప్లాస్టిక్ షాంపూ పొట్లాలు, రోజుకు రెండు ట్యాంకర్ల నీళ్లు, పక్కనే ‘భూమాతను కాపాడండి’. తువ్వాలు కార్డు పెట్టవద్దని కాదు. అందులో ‘దీనివల్ల మాకు ఇన్ని లీటర్ల నీళ్లు మిగిలాయి’ అని ఈ నెల లెక్క ఉంటే అది సమాచారం. లేకపోతే గోడ మీద సూక్తి.

సోలార్ దగ్గర లెక్క మరీ తేలిక, అయినా అక్కడే ఎక్కువ తప్పులు. సుప్రభాత దర్శనానికి వెళ్లే భక్తులకు అర్ధరాత్రి దాటాక వేడి నీళ్లు కావాలి. ఆ గంటలో సోలార్ ప్యానెల్ పనిచేయదు. గీజర్ నడిచేది గ్రిడ్ కరెంటు మీద, మన దేశపు గ్రిడ్ కరెంటు ఎక్కువగా బొగ్గు మీద. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అన్నది లెక్కలకు వాడే అంకె. ‘100% సోలార్ హోటల్’ అని బోర్డు ఉన్నచోట ఎవరైనా విద్యుత్ పంపిణీ సంస్థ నెట్ మీటర్ బిల్లు అడిగారంటే, ఎన్ని యూనిట్లు తీసుకున్నారు, ఎన్ని తిరిగి ఇచ్చారు అన్నది అక్కడే ఉంటుంది. నెలకు 10,000 యూనిట్లు వాడి, ప్యానెళ్ల మీద 3,000 తయారుచేసుకునే హోటల్ ‘మా కరెంటులో 30 శాతం మేడ మీదే తయారవుతుంది’ అని రాసుకోవాలి. అది తక్కువ మాటేమీ కాదు. ‘కార్బన్ న్యూట్రల్ బస’ అన్నదాని జోలికి వెళ్లకపోవడమే మంచిది. ఎక్కడో చెట్లు నాటడానికి డబ్బు కట్టి ఇక్కడి డీజిల్ జనరేటర్‌ను లెక్కలోంచి తీసేయడం ఎవరికీ వివరించి ఒప్పించలేని పని.

ట్రావెల్స్ వాళ్లదీ ఇదే దారి. 2022లో అలిపిరి డిపో నుంచి ఘాట్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ బస్సులు మొదలయ్యాక, అద్దె కార్ల మీద ‘జీరో పొల్యూషన్’ స్టిక్కర్లు వచ్చాయి. ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లకు సుమారు 15 యూనిట్లు తీసుకుంటుంది, అంటే పది కిలోల కార్బన్ డయాక్సైడ్. అంతే దూరానికి పెట్రోల్ కారు ఆరేడు లీటర్లు తాగి 14 నుంచి 16 కిలోలు వదులుతుంది. ‘పొగ గొట్టం లేదు, పెట్రోల్ కారు కన్నా తక్కువ’ అన్నది నిలబడే మాట. ‘జీరో’ నిలబడదు.

ఇంత జాగ్రత్తపడ్డా నింద రావచ్చు. పోటీదారు రావచ్చు, అలిగి వెళ్లిపోయిన పనివాడు రావచ్చు, వ్యూస్ కోసం వెతికే యూట్యూబర్ రావచ్చు. ఆ రోజు చాలామంది చేసేది ఒకటే. పోస్టు డిలీట్ చేస్తారు, కామెంట్లు మూసేస్తారు, లాయర్ నోటీసు ఇస్తామని బెదిరిస్తారు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు. అప్పటికే స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంటాయి, డిలీట్ చేశారన్నదే రెండో వార్త అవుతుంది.

మొదటి రోజు చేయాల్సింది బయటికి మాట్లాడటం కన్నా లోపల చూసుకోవడం. ఏ మాటను తప్పంటున్నారు, ఆ మాట ఎక్కడెక్కడ అచ్చయింది, ఏ బ్యాచ్ మీద ఉంది, మన దగ్గర దానికి కాగితం ఉందా? కాగితం ఉంటే అది చూపించి ఊరుకోవాలి. కోపంతో పెద్ద వ్యాసం అక్కర్లేదు. సగం నిజమైతే సగమే ఒప్పుకోవాలి. మొదట చెప్పిన సంచి దుకాణదారు జవాబు ఇలా ఉంటే సరిపోతుంది: ‘మా సంచి పాలీప్రొపిలీన్‌తో చేసింది, నూలుది కాదు. ఎకో ఫ్రెండ్లీ అని రాసి ఉండకూడదు. ఉన్న సంచుల మీద ఈ వారం స్టిక్కర్ అతికిస్తున్నాం. మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు, తిరిగి తెచ్చి ఇస్తే తీసుకుంటాం. వచ్చే ఆర్డర్ నూలు సంచులదే, దాని ధర ఇంత.’ ఈ ఐదారు వాక్యాల్లో క్షమాపణ అన్న మాట లేదు, సప్లయర్ మీదికి తోసేయడం లేదు, ‘పర్యావరణం పట్ల మా నిబద్ధత’ అన్న ఊకదంపుడు లేదు. సప్లయర్‌తో గొడవ తర్వాత, లోపల పెట్టుకోవాలి. ‘తిరిగి తీసుకుంటాం’ అన్నాక నిజంగా తీసుకోవాలి, లేకపోతే అదో కొత్త గ్రీన్‌వాషింగ్.

అధికారిక నోటీసు వస్తే పద్ధతి వేరు. సీసీపీఏ శిక్ష వేసే ముందు వినిపించుకునే అవకాశం ఇవ్వాలి. ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో జాతీయ వినియోగదారుల కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అక్కడ పనికొచ్చేది నోటీసు తర్వాత చేయించిన ల్యాబ్ రిపోర్టు కాదు. ప్రకటన ఇచ్చేనాటికి చేతిలో ఏం ఉందన్నదే ముఖ్యం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే అక్కడ లెక్కకు రాదు. డబ్బులిచ్చి రీల్ చేయించుకున్న ఇన్‌ఫ్లుయెన్సర్‌కు కూడా బాధ్యత ఉంది. మాట నిజమో కాదో తాను సరిచూసుకున్నానని చూపించగలిగితేనే బయటపడతాడు. కాబట్టి అతనికి స్క్రిప్టుతో పాటు ఆధారాల కాపీ ఇవ్వాలి. ‘మీ స్టైల్లో చెప్పేయండి బ్రో’ అని వదిలేస్తే అతను ‘భూమికి ఒక్క శాతం కూడా హాని లేదు ఫ్రెండ్స్’ అంటాడు. అది వ్యాపారి మాటే అవుతుంది.

ఇదంతా చూసి కొందరు అసలు ఏమీ చెప్పకుండా ఉండటమే సుఖం అనుకుంటున్నారు. నిజంగా పనిచేస్తున్నవాళ్లు నోరు మూసుకుంటే, మాటలు కోటలు దాటించేవాళ్లకే మార్కెట్ మిగులుతుంది. సర్టిఫికెట్ల ఖర్చు చిన్నవాళ్లకు భారమన్నది నిజం. చట్టం మాత్రం ప్రతిదానికీ బయటి సర్టిఫికెట్ అడగడం లేదు. సరిచూడగలిగిన సొంత రికార్డులు కూడా ఆధారమే అంటోంది. బిల్లులు, తేదీలు వేసిన ఫొటోలు, నీళ్ల మీటర్ రీడింగులు పైసా ఖర్చు లేకుండా తయారవుతాయి. ప్రింటుకు పంపే ముందు లేబుల్‌ను మనమంటే గుర్రుగా ఉన్న మనిషి ఒకరికి చూపించి, ఇందులో ఏ మాట పట్టుకుంటావని అడగడం కన్సల్టెంట్ కన్నా చవక.

బయటి ఊళ్లకు పంపేవాళ్లకు తొందర ఎక్కువ. ఐరోపా సమాఖ్యలో 2026 సెప్టెంబరు 27 నుంచి వర్తించే కొత్త నిబంధనల కింద, ఆధారం లేని ‘ఎకో ఫ్రెండ్లీ’ తరహా మాటలు, కార్బన్ క్రెడిట్లు (వేరే చోట కార్బన్ తగ్గించినట్టు ఇచ్చే పత్రాలు) కొని సరుకును ‘న్యూట్రల్’ అనడం, సొంతంగా కల్పించుకున్న పచ్చ లేబుళ్లు నిషేధం. అక్కడి కొనుగోలుదారు ఆ బరువును చిత్తూరు పల్ప్ ఫ్యాక్టరీ మీదికి ప్రశ్నావళి రూపంలో దించుతాడు. ఫలానా లాట్ నంబరు డ్రమ్ములోని తోతాపురి గుజ్జు ఏ తోటల నుంచి వచ్చింది, తొక్క, టెంక ఎక్కడికి పోయాయి, కడిగిన నీళ్లు ఏం చేశారు అని అడుగుతాడు. సీజన్‌లో గేటు ముందు బారులు తీరిన ట్రాక్టర్ల దగ్గర తూకం చీటీ మీద తోట పేరు, ఊరు రాయని ఫ్యాక్టరీకి ఆ కాలమ్‌లో నింపడానికి ఏమీ ఉండదు.